‘ఇచ్చెయ్యండి, పొద్దున రాస్తాను’

ప్రశ్న: నేను పన్నెండేళ్లుగా ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. మావారు ఫార్మసిస్టు, మా మరిది డాక్టరు. ముగ్గురం ఒకచోట చేరితే ఎప్పుడూ ఒకటే గొడవ. నర్సులకి, ఫార్మసిస్టులకి మందులు రాసే అధికారం ఇస్తే జనం ప్రాణాల మీదికి వస్తుందంటాడు మా మరిది. చాలా దేశాల్లో ఇచ్చారు, అక్కడి జనం బతకడం లేదా అంటారు మావారు. నా బాధ వేరు. రాత్రి డ్యూటీలో డాక్టరుగారికి ఫోన్ చేస్తే ‘ఇచ్చెయ్యండి, పొద్దున రాస్తాను’ అంటారు. ఇస్తాను. పొద్దున ఒక్కోసారి రాస్తారు, ఒక్కోసారి మర్చిపోతారు. ఈమధ్య రికార్డులు తనిఖీ చేసి, రాత లేకుండా ఇచ్చిన మందులు మూడు దొరికాయని నన్ను సంజాయిషీ అడిగారు. అప్పట్నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అసలు మందు రాసే హక్కు ఎవరికి ఉండాలి? నేనిప్పుడు ఏం చెయ్యాలి?

సమాధానం: అమ్మా, మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీ నిద్ర దానితో ముడిపడి ఉంది. మొదటిదాని మీద మీ ఇంట్లో ఇంకో పదేళ్లు వాదించుకున్నా కొంప మునగదు.

సంజాయిషీలో జరిగింది జరిగినట్టు రాయండి. ఏ రాత్రి, ఎన్ని గంటలకి, రోగి పరిస్థితి ఎలా ఉంది, ఎవరికి ఫోన్ చేశారు, ఆయన ఏమన్నారు, మీరు ఏ మందు ఎంత డోసులో ఇచ్చారు, నోటి ద్వారానా ఇంజెక్షనా, ఆ తర్వాత రోగి ఎలా ఉన్నాడు. గుర్తులేనిది గుర్తులేదనే రాయండి, ఊహించి పూరించకండి. ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యొద్దు. కేస్ షీట్‌లో ఖాళీగా ఉన్నచోట పాత తేదీ వేసి ఇప్పుడు నింపొద్దు, డాక్టరుగారిని అలా నింపమని బతిమాలొద్దు. ఆయన రాయదలచుకుంటే ఇవాళ్టి తేదీ, ఇవాళ్టి టైము వేసి ‘ఫలానా రాత్రి ఫోన్‌లో చెప్పిన ఆర్డరు’ అని రాసి సంతకం పెట్టొచ్చు. అది ఆలస్యంగా చేసిన నమోదు. పాత తేదీ వేస్తే అది దొంగ రికార్డు. మొదటిదానికి నిర్లక్ష్యం అంటారు, రెండోదానికి మోసం అంటారు. ఆ మూడింటిలో మార్ఫిన్ లాంటి మత్తుమందు ఏదైనా ఉంటే, సంజాయిషీ ఇవ్వకముందే మీ నర్సుల సంఘాన్నో, ఒక లాయర్నో కలవండి. ఆ మందులకి వేరే చట్టం, వేరే రిజిస్టరు ఉంటాయి.

ఫోన్‌లో ఆర్డరు తీసుకోవడమే తప్పన్నట్టు మీ ఉత్తరం ఉంది. అది తప్పు కాదు, చాలా దేశాల చట్టాలు ఒప్పుకున్న పద్ధతే. విని ఊరుకోవడమే తప్పు. వింటూనే రాసుకోవాలి, రాసుకున్నది ఆయనకి తిరిగి చదివి వినిపించాలి, ‘అవును’ అనిపించుకోవాలి, ఆయన పేరు, టైము, మీ సంతకం పెట్టాలి. వీలైతే స్పీకర్ పెట్టి పక్క నర్సు కూడా వినాలి. అంకెల్ని విడదీసి చెప్పండి. ఇంగ్లిషులో ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తేడా రాత్రి రెండు గంటలకి, సగం నిద్రలో ఉన్న గొంతులో వినపడదు. ‘ఒకటి, అయిదు, పదిహేనేనా సార్?’ అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పొద్దున మీ డ్యూటీ దిగే లోపు సంతకం పడకపోతే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి అదే రోజు ఒక వాక్యం రాసి ఇవ్వండి. ఫిర్యాదులా కాదు, మంచాల లెక్క రాసినట్టే రాయండి.

కొన్ని మందులకైతే ఫోన్ ఆర్డరు తీసుకోకూడదు. కేన్సర్ మందులు అందులో మొదటివి. ‘మీరొచ్చి రాయండి సార్’ అనడం మర్యాద తప్పడం కాదు.

ఇక మీ ఇంటి గొడవ. మీ ముగ్గురూ ‘మందు ఇచ్చే అధికారం’ అని ఒకే మాట వాడుతున్నారు గానీ, అందులో మూడు పనులు ఉన్నాయి. ఏ మందు కావాలో నిర్ణయించి రాయడం ఒకటి. ఆ రాతని పరిశీలించి మందు తీసి అందించడం రెండు. రోగి ఒంట్లోకి పంపడం మూడు. స్థూలంగా మొదటిది మీ మరిదిది, రెండోది మీవారిది, మూడోది మీది. మొదటిదే పెద్ద పని, మిగతావి దానికి సేవ అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

ఈ విభజన ఎందుకు పుట్టిందో మీ మరిదికి చెప్పండి. పదమూడో శతాబ్దంలో సిసిలీని ఏలిన రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి, వైద్యుడు మందుల వ్యాపారితో లాభం పంచుకోకూడదని, సొంతంగా మందుల దుకాణం పెట్టకూడదని శాసనం చేశాడు. వైద్యుడికి చదువు లేదని కాదు. రాసేవాడికి అమ్మకంలో వాటా ఉంటే రాత పెరుగుతుందని. అదేదో పాతకాలపు సంగతి అని కొట్టిపారెయ్యక్కర్లేదు. దక్షిణ కొరియాలో 2000 దాకా డాక్టర్లే మందులు అమ్మేవాళ్లు, ఫార్మసిస్టులే చీటీ లేకుండా మందులు ఇచ్చేవాళ్లు. ఆ ఏడాది జులైలో రెండు పనుల్నీ ప్రభుత్వం విడదీసేసరికి డాక్టర్లు సమ్మెకి దిగారు. మందుల మీద వచ్చే మిగులు పోతోందన్నది వాళ్ల కోపానికి ఒక కారణం.

మీవారికి ఇంకో ముక్క చెప్పండి. అమెరికాలో ఏ మందుకి చీటీ కావాలి, ఏ మందుకి అక్కర్లేదు అన్నది ఒకప్పుడు చాలావరకు తయారుచేసే కంపెనీలే తేల్చేవి. ఒకే మందుని ఒక కంపెనీ చీటీతో, ఇంకో కంపెనీ చీటీ లేకుండా అమ్మిన రోజులున్నాయి. 1951లో అక్కడి మందుల చట్టానికి డర్హమ్–హంఫ్రీ సవరణ వచ్చి దానికో గీత గీసింది. డాక్టరు ఫోన్‌లో చెప్పిన చీటీ చెల్లుతుందని, అయితే ఫార్మసిస్టు దాన్ని వెంటనే కాగితం మీద పెట్టాలని చెప్పింది కూడా ఆ చట్టమే. మీ రాత్రి డ్యూటీకి అది ముత్తాత లాంటిది. తమాషా ఏమిటంటే, ఆ సవరణ తెచ్చిన కార్ల్ డర్హమ్, హ్యూబర్ట్ హంఫ్రీ ఇద్దరూ వృత్తిరీత్యా ఫార్మసిస్టులే. చీటీ లేకుండా అమ్మడానికి వీల్లేదని తమ వృత్తికి తామే కంచె వేశారు.

మీ నర్సుల కథ మీ ఉత్తరానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. బ్రిటన్‌లో 1986లో జూలియా కంబర్‌లెజ్ అధ్యక్షతన, ఇళ్లకి వెళ్లి వైద్యసేవ చేసే నర్సుల పని మీద ఒక నివేదిక వచ్చింది. పుండుకి ఏ కట్టు కావాలో తేల్చేది నర్సు. అయినా డాక్టరు సంతకం కోసం ఆవిడ క్లినిక్‌లో పడిగాపులు పడాలి. డాక్టరు ఆ పుండు చూడకుండానే సంతకం పెట్టేవాడు. నిర్ణయం ఒకరిది, సంతకం ఇంకొకరిది. పరిమితమైన జాబితాలోంచి నర్సుల్నే రాయనివ్వండని ఆ నివేదిక చెప్పింది. 1992లో చట్టం వచ్చింది, 1994లో కొన్ని చోట్ల ప్రయోగంగా మొదలైంది. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు, ఫార్మసిస్టులు తమకి పట్టున్న రంగంలో దాదాపు అన్ని మందులూ రాసే వీలు 2006లో వచ్చింది. సూచన నుంచి అక్కడికి చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. నెమ్మదిగా జరిగిందని మీవారు అనొచ్చు. నెమ్మదిగా జరగబట్టే నిలబడిందని నేనంటాను.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది హక్కు లేకపోవడం కాదమ్మా. ‘ఇస్తాను’ అన్న మాట. ఆ రాత్రి రోగిని చూసింది మీరు, ఏమివ్వాలో మనసులో అనుకున్నది మీరు. పన్నెండేళ్ల అనుభవంతో ‘సార్, ఇది ఇవ్వమంటారా?’ అని సూచించిందీ మీరే అయ్యుండొచ్చు. ఆయన ఊ అన్నారు. కాగితం మీద అది ఆయన నిర్ణయం, జరిగింది మీ నిర్ణయం, తేడా వస్తే ఎవరి నిర్ణయమూ కాదు. అన్నిటికంటే ప్రమాదకరమైన ఏర్పాటు ఇదే. మందు రాసే హక్కు నర్సుకి ఉన్న చోట ఆవిడ తన పేరుతో రాస్తుంది, తన పేరుతో జవాబు చెబుతుంది. లేని చోట డాక్టరు వచ్చి చూసి రాస్తాడు. రెండింట్లో ఏది ఉన్నా రోగికి ఒక దిక్కుంటుంది. మీ వార్డులో ఉన్నది ఈ రెండూ కాదు.

మీ మరిది వాదంలో బలం లేదని అనుకోకండి. మందుల గురించి తనకి ఎక్కువ తెలుసన్నది ఆయన బలం కాదు, ఆ విషయంలో మీవారు ఆయన్ని ఓడించొచ్చు. జబ్బేమిటో తేల్చకుండా మందు రాయడం కుదరదన్నది అసలు బలం. ఛాతీలో మంటకి యాసిడ్ తగ్గించే మాత్ర ఇవ్వడం ఎవరైనా చేస్తారు. ఆ మంట గుండెపోటు కాదని చెప్పడానికి మాత్రం వేరే చదువు కావాలి. అందుకే నర్సులకో, ఫార్మసిస్టులకో రాసే హక్కు ఇచ్చిన చట్టాలు బాగా పనిచేసింది ఎక్కువగా జబ్బు ముందే తేలిపోయిన చోట. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లకి డోసు సర్దడం లాంటి చోట. డాక్టర్లు కానివాళ్లు మందులు రాసిన 46 పరిశోధనల్ని, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016లో ఒకచోట చేర్చి చూసింది. దీర్ఘకాలిక జబ్బులున్న రోగుల్లో బీపీ, షుగర్ లాంటివి అదుపులో ఉండటంలో డాక్టర్లు రాసిన చోట కంటే తక్కువేమీ కనపడలేదు. మీవారు దీన్ని పట్టుకుని పండగ చేసుకునే ముందు ఒక మాట. ఆ రాసినవాళ్లు శిక్షణ పొందినవాళ్లు, అవసరమైతే వెంటనే డాక్టరుని అడగగలిగినవాళ్లు. కౌంటర్ వెనక నిలబడి ‘ఏంటి ప్రాబ్లం?’ అని అడిగి యాంటీబయాటిక్ చేతిలో పెట్టేవాళ్ల గురించి ఆ పరిశోధనలు ఏమీ చెప్పవు.

గీత ఎక్కడ గీయాలన్నదానికి నాకు నచ్చిన ఉదాహరణ ఇంగ్లండ్‌లో 2024 జనవరి చివర్లో మొదలైన ఏర్పాటు. డాక్టరు చీటీ లేకుండానే ఫార్మసిస్టు ఏడు చిన్న జబ్బులకి వైద్యం చెయ్యొచ్చు. గొంతు నొప్పి, సైనస్, చెవిపోటు, పురుగు కుట్టి చీము పట్టడం, అంటుకునే చర్మపు పుళ్లు, సర్పి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఈ చివరిదానికి షరతు చూడండి. 16 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకి మాత్రమే, అదీ గర్భిణులు కాకపోతేనే. మగవాళ్లలో, గర్భిణుల్లో, బాగా పెద్దవాళ్లలో అదే మంట వెనక వేరే గొడవ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి వాళ్లని డాక్టరు దగ్గరికే పంపాలి. ఎవరు గొప్ప అన్న చర్చ అక్కడ లేదు. ఏ రోగి, ఏ జబ్బు, ఏ మందు, ఎక్కడ ఆగాలి అన్న లెక్కే ఉంది.

డాక్టర్లే లేని చోట ఏం చెయ్యాలన్నది వేరే ప్రశ్న. ఉగాండాలో కేన్సర్, ఎయిడ్స్ రోగులు నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే మార్ఫిన్ రాయడానికి డాక్టరు దొరికేవాడు కాదు. 2004లో ఆ దేశం చట్టం మార్చి, ప్రత్యేక శిక్షణ పొందిన పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సేవ) నర్సులకి, డాక్టరు డిగ్రీ లేకుండా వైద్యం చేసే క్లినికల్ ఆఫీసర్లకి మార్ఫిన్ రాసే హక్కు ఇచ్చింది. డాక్టరుకైనా ఇవ్వడానికి ప్రభుత్వాలు జంకే మందు అది. డాక్టరు వచ్చేదాకా రోగి అరుస్తూ ఉండాలి అన్నది కూడా ఒక నిర్ణయమే, దానికి ఎవరూ సంతకం పెట్టరు అంతే.

భారతదేశం సంగతి కొంత అటూ ఇటూగా ఉంటుంది. 1945 నాటి మందుల నిబంధనల ప్రకారం షెడ్యూల్ హెచ్ అనే జాబితాలోని మందులు రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ రాతతోనే అమ్మాలి. 1948 ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు రాతని చూసి మందు కలిపి ఇవ్వాల్సింది రిజిస్టరయిన ఫార్మసిస్టే, డాక్టరు తన సొంత రోగులకి ఇచ్చుకోవడం అందులో ముఖ్యమైన మినహాయింపు. హోమియో చదివి అల్లోపతి మందులు రాసిన వైద్యుడి కేసులో సుప్రీంకోర్టు 1996లో, తాను చదవని పద్ధతిలో వైద్యం చేసేవాడు నకిలీ వైద్యుడి కిందే లెక్క అంది. 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ మాత్రం ఒక కిటికీ తెరిచింది. కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లు అని ఒక వర్గానికి పరిమిత లైసెన్సు ఇచ్చి, ప్రాథమిక వైద్యంలో నిర్దేశించిన మందులు సొంతంగా రాయనివ్వొచ్చని అందులో ఉంది. డాక్టర్ల సంఘాలు ఆ సెక్షన్ మీదే గట్టిగా విరుచుకుపడ్డాయి.

మీ మరిదికీ మీవారికీ మధ్య తీర్పు చెప్పమంటే చెబుతాను. రాసే హక్కు వృత్తి మొత్తానికి ఒక్కసారిగా ఇవ్వకూడదు, వృత్తి మొత్తానికి ఇవ్వం అనీ అనకూడదు. అదనపు చదువు, పరీక్ష, ఇదిగో ఈ మందులు ఈ జబ్బుల్లో అన్న జాబితా, ఎవరైనా వెతికి చూసుకోగలిగిన రిజిస్టరులో పేరు ఉండాలి. రాసిన చెయ్యే అమ్మే చెయ్యి కాకూడదు. ఫార్మసిస్టుకి రాసే హక్కు ఇవ్వడం మీద నాకున్న ఒకే ఒక జంకు ఇది. మీవారికి కోపం వస్తే రానివ్వండి. బాధ్యత పెంచి జీతం పెంచని చోట మాత్రం ఆ హక్కు తీసుకోవద్దనే చెబుతాను. అది హక్కు కాదు, డాక్టరుని పెట్టుకునే ఖర్చు తప్పించుకోవడం.

రాసేది ఎవరైనా రెండో కన్ను ఉండాలని ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత కారణం ఒకటుంది. పాఠాలు చెప్పడానికి ముందు కొన్నేళ్లు ఒక ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేశాను. కీళ్ల జబ్బుతో చేరిన ఒక పెద్దావిడకి మెథోట్రెక్సేట్ రాసి వచ్చింది. ఆ జబ్బుకి అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. చీటీలో ‘రోజూ’ అని ఉంది. రాసిన డాక్టరు మంచి పేరున్నవాడు, అలసిపోయి ఉన్నాడు. నేను ఆ చీటీ చూశాను, చూసి మందు పంపేశాను. నాకు ఏ అలసటా లేదు. ఆ పేరు కింద తప్పుంటుందని అనుకోలేదు, అంతే. సాయంత్రం వార్డు నుంచి నర్సు ఫోన్ చేసింది. ‘సార్, ఈవిడ ఇంట్లో ఇది ఆదివారాలే వేసుకుంటానంటోంది. రోజూ అని ఎందుకుంది?’ అప్పటికి ఒక డోసే పడింది. అలాగే రోజూ వేసి ఉంటే ఆవిడ ఎముకల్లో మూలుగ దెబ్బతిని, నోరంతా పుళ్లు పడి, ప్రాణం పోయి ఉండేది. ఆపినది ఆ నర్సు. చదువులో మా ఇద్దరికంటే చిన్నది, రోగితో మాట్లాడింది మాత్రం ఆవిడొక్కతే.

ఆ తర్వాత డాక్టరుగారు నన్ను తిట్టారు, నేను మనసులో ఆయన్ని తిట్టుకున్నాను, నర్సుకి ఎవరూ థ్యాంక్స్ చెప్పలేదు. ఇది ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

ఒంట్లోకి పంపే పని చిన్నదనుకునేవాళ్లకి విన్‌క్రిస్టిన్ సంగతి చెప్పండి. రక్తనాళంలోకి ఎక్కిస్తే కేన్సర్‌కి వైద్యం, పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ఎప్పుడూ మరణమే. చాలా దేశాల్లో ఈ తప్పు జరిగింది, చేసినవాళ్లు డిగ్రీలు లేనివాళ్లేమీ కాదు. చివరికి పనికొచ్చిన ఉపాయాల్లో ఒకటి చాలా మామూలుది. ఆ మందుని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి పంపడం. సంచిని ఎవరూ వెన్నులోకి ఎక్కించబోరు. హక్కుల గురించి ఎంత కొట్టుకున్నా ఆ సంచి చేసిన మేలు చెయ్యలేం.

చివరగా, మందులు రాసే హక్కుకి కావాల్సిన కోర్సు మీరు కూడా చెయ్యాలా అని అడగలేదు గానీ, అడిగే ఉద్దేశం ఉన్నట్టు నాకు తోచింది. మీ నర్సింగ్ కౌన్సిల్ మందులు రాయడంలో శిక్షణ ఇస్తుంటే చేరండి. కానీ ఈ సంజాయిషీ మీద కసితో కాదు, అది తేలిపోయాక. ఈలోగా ఒక పని అడగండి. మీ ఒక్కరివి మూడు దొరికాయంటే, మిగతా రాత్రి షిఫ్టుల రికార్డులూ తీస్తే ఇంకెన్నో ఉంటాయి. ఒక నెల రాత్రులవి అన్ని వార్డుల్లోనూ తీసి చూడమని అదే సంజాయిషీ కింద, మర్యాదగా, మీ విన్నపంగా రాయండి. ఫోన్ ఆర్డరుకి మీ ఆస్పత్రిలో రాతపూర్వకమైన నియమం ఉంటే దాని ప్రతి ఒకటి ఇమ్మని కూడా అడగండి. లేకపోతే లేదని వాళ్లనే రాసి ఇవ్వమనండి. కాపీలు మీ దగ్గర పెట్టుకోండి.